వేళ్లలో అదురు

ఫిబ్రవరి 9, ఆదివారం

నా చేతిరాత బాగుండదు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ తప్పుతాయి. ఐదో తరగతిలో బడి మాని గొడ్ల వెంట పడ్డవాణ్ని. పొరపాటున ఈ పుస్తకం ఎవరి చేతికైనా వస్తే క్షమించాలి. చదవకుండా పక్కన పెడితే ఇంకా మంచిది. ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన డైరీ ఇది, ఖాళీగా పడి ఉంది. నోటితో చెప్పుకోవడం నాకు చేతకాదు కాబట్టి ఇందులో రాసుకుంటున్నాను.

నిన్న సంతలో జరిగింది రాయాలి.

యాభై ఏళ్ల నుంచి పశువుల బేరాలు చేస్తున్నాను. నోట్లో మాట లేనివాడు బేరగాడు ఎట్లా అయ్యాడని అందరూ నవ్వుతారు. మా బేరంలో మాట అక్కర్లేదు. అమ్మేవాడి వైపు ఒకడు, కొనేవాడి వైపు ఒకడు కండువా కింద చేతులు కలుపుతాం. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ నిలబడ్డవాళ్లకి ఏమీ తెలియదు. అందుకే ఈ పని నాకు కుదిరింది.

నిన్న అవతలి వైపు ఖాజావలి. వాడూ నేనూ చిన్నప్పటి నుంచీ ఒక మందలో తిరిగినవాళ్లం. రెండుసార్లు నా వేళ్లు పట్టుకుని వదిలేశాడు. మూడోసారి కండువా తీసి పక్కన పడేశాడు.

"ఏంట్రా బావా, నీ వేళ్లు అట్టా ఎగురుతున్నాయి? నువ్వు ఏ వేలు నొక్కుతున్నావో తెలిసి చావట్లేదు."

నేను నొక్కలేదన్నాను. వాడు నా మణికట్టు పట్టుకుని చూశాడు. బేరం అక్కడితో ఆగిపోయింది. గేదె యజమాని నన్ను ఒక మాదిరిగా చూశాడు.

ఫిబ్రవరి 12, బుధవారం

గొంతు బొంగురు తగ్గలేదు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. ఈ మిరప కోరు, గొంతులో దిగే ఆ ఘాటు, పోతే దగ్గు కూడా పోతుంది.

ఫిబ్రవరి 15, శనివారం

మళ్లీ సంతకి వెళ్లాను. ఖాజావలి నాతో చేతులు కలపనన్నాడు. మిరప కోరు వల్లేనన్నాను. ఊళ్లో అందరికీ మిరప కోరే కదా, మరి ఇంకెవరి వేళ్లూ ఎగరట్లేదే అన్నాడు. గుంటూరు డాక్టరు దగ్గరికి వెళ్తావా, మీ ఆవిడకి చెప్పమంటావా అన్నాడు. వెళ్తానన్నాను. పార్వతికి చెబితే ఆమె కూడా బయల్దేరుతుంది. ఎందుకో ఆమె రాకపోతే బాగుండుననిపించింది. ఎందుకని నన్ను నేను అడగలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

బ్రాడీపేటలో గుండె డాక్టరు. పేరు భవ్య. మా అమ్మాయి కంటే చిన్నది. ఖాజావలి బయట కూర్చున్నాడు.

ఆ డాక్టరమ్మ మందు చీటీ రాయబోయి ఆగి, నన్నే చూస్తూ కూర్చుంది. తాతగారూ, మీ తల ఊగుతోంది, తెలుసా అంది. తెలియదన్నాను. గుండె కొట్టుకున్నప్పుడల్లా తల కొద్దిగా ముందుకు పడుతోందట. గోరు మీద నొక్కి చూసింది. ఎక్స్‌రే, గుండెకి ఎకో, తర్వాత ఒక పెద్ద గుండ్రటి మిషనులో పడుకోబెట్టి స్కాను. గుండె నుంచి పైకి వెళ్లే పెద్ద రక్తనాళం బుడగలాగా ఉబ్బింది. దాని గోడకి గుడ్డు పెంకులాగా సున్నం పట్టింది. కింద ఉన్న కవాటం సరిగా మూసుకోవడం లేదు. పోయిన రక్తం వెనక్కి వస్తోంది, అందుకే ఆ అదురు. ఉబ్బు గొంతు నరాన్ని నొక్కుతోంది, అందుకే బొంగురు.

ఇంకో ఇద్దరు డాక్టర్లని పిలిచి చూపించింది. వాళ్లు నా చెయ్యి ఎత్తి పట్టుకుని చూశారు, నోరు తెరిపించి చూశారు. సంతలో ఎద్దులాగా నిలబడ్డాను. మా పుస్తకాల్లో చదివాం గానీ మనిషిలో చూడటం ఇదే మొదటిసారి అని ఒకాయన అన్నాడు. ఏం చదివారో నేను అడగలేదు.

రక్తం తీసుకున్నారు.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ ఒక్కణ్నే వెళ్లాను. డాక్టరమ్మ తలుపు వేసి చెప్పింది. సిఫిలిస్. నాకు అర్థం కాలేదనుకుని సవాయి అంది. ఆ మాట నాకు తెలుసు. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు వచ్చి, వైద్యం లేక, ఇన్నేళ్లు ఒంట్లో దాక్కుని రక్తనాళాన్ని తినేసిందట. ఇంతదాకా రావడం ఈ రోజుల్లో చాలా అరుదట.

మంగలి కత్తి వల్ల వస్తుందా అని అడిగాను. రాదంది. ఆసుపత్రి సూదుల వల్లనా అన్నాను. ఆమె కోప్పడలేదు. పెళ్లికి ముందు గానీ తర్వాత గానీ ఎవరితోనైనా, అని సగంలో ఆపింది. లేదన్నాను. నా తల మాత్రం అవునన్నట్టు ఊగుతూనే ఉంది.

పిల్లలు ఎంతమంది అని అడిగింది. ఒక్క అమ్మాయి. చీరాలలో ఉంటుంది, ఇద్దరు పిల్లలు. అంతకుముందు పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంది.

లేరన్నాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

గాలి మారింది. దగ్గు తక్కువ.

ఫిబ్రవరి 24, సోమవారం

మొదటి సూది. పెన్సిలిన్. వారానికి ఒకటి చొప్పున మూడు. దీంతో రోగం ఆగుతుంది, చెడిపోయిన నాళం మాత్రం బాగుపడదు, దానికి ఆపరేషన్ కావాలి. ఆ రోజుల్లో ఒక్క సూది పడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు అంది డాక్టరమ్మ.

మీ ఆవిడని తీసుకురండి, ఆమె రక్తం కూడా చూడాలి, అంది. ఆమె అమ్మాయి దగ్గరికి వెళ్లిందని చెప్పాను. నేను ఇంటికి వచ్చేసరికి పార్వతి వాకిట్లో పండుమిరప తొడిమలు తీస్తోంది. డాక్టరు ఏమన్నారంది. గుండె కవాటం అన్నాను. అది అబద్ధం కాదు.

మార్చి 1, శనివారం

సంతకి వెళ్లలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఇందులో కూడా దాచుకుంటే ఇంక దేనికి.

పెళ్లికి ముందు సంవత్సరం. నాకు ఇరవై నాలుగు. ఎడ్లను తోలుకుని దూరపు తిరనాళ్లకి వెళ్లాం. అన్నీ అమ్ముడుపోయాయి. తోటివాళ్లు నన్ను ఒక ఇంటికి తీసుకెళ్లారు. కాదనడం నాకు రాదు. ఆమె నాకు మంచినీళ్లు ఇచ్చింది, మీ ఊరేది అని అడిగింది. అంతకు మించి నాకు గుర్తు లేదు. గుర్తుంది, రాయను.

కొన్నాళ్లకి ఒక పుండు వచ్చింది. నొప్పి లేదు. దానంతట అదే మానింది. తర్వాత అరచేతుల్లో ఎర్రటి మచ్చలు వచ్చాయి. అది మిరపకోతల కాలం. ఊళ్లో అందరి చేతులూ మండుతున్నాయి, అందరూ వెన్న రాసుకుంటున్నారు. నేనూ రాసుకున్నాను. అవీ పోయాయి. మరుసటేడు పార్వతిని చేసుకున్నాను.

మొదటి కాన్పు ఎనిమిదో నెలలోనే. ప్రాణం లేదు. రెండేళ్లకి రెండోది. అదీ అంతే. మా అమ్మ పార్వతిని ఏమేమి అన్నదో ఈ వీధి అంతా విన్నది. నాకు ఇంకో సంబంధం చూస్తానని అన్నది. నేను గొడ్లకి మేత వేసుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు తెలిసింది. ఆ ఇద్దరినీ చంపింది ఆమె కడుపు కాదు, నేను. అదే రోగం ఇప్పటికీ ఆమె ఒంట్లో ఉంటే, నేను మూడోసారి.

వాక్యం పూర్తి చేయలేను.

మార్చి 3, సోమవారం

రెండో సూది. చేతిలో పట్టుకెళ్లిన టిఫిను కూడా తినలేదు. నేనే డాక్టరమ్మకి చెప్పాను, ఇద్దరు పోయారని. ఆమె ఆ సంగతి చీటీలో రాసుకుంది. తర్వాత, వచ్చే సోమవారం మీ ఆవిడ రాకపోతే నేనే మీ ఊరు వస్తాను అంది. అన్నంత పనీ చేసే మనిషి, చూస్తే తెలుస్తోంది.

మార్చి 5, బుధవారం

పార్వతికి చెప్పాలని పొద్దున అన్నం దగ్గర ఒకసారి కూర్చున్నాను. పప్పులో ఉప్పు చాలలేదా అంది. లేదన్నాను.

మధ్యాహ్నం ఇంకోసారి.

మార్చి 7, శుక్రవారం

ఖాజావలికి అంతా చెప్పాను. వాడు నవ్వలేదు, తిట్టలేదు. ఆ తిరనాళ్లకి వాడూ వచ్చాడు, ఆ ఇంటికి మాత్రం రాలేదు. నా తరఫున పార్వతికి చెప్పరా అని అడిగాను.

"నీ గొడ్లన్నిటికీ బేరం చేసి పెట్టా గానీ, ఇది నేను చెయ్యను బావా. నువ్వే చెప్పాలి."

మార్చి 9, ఆదివారం

చెప్పాను. ఇంత పెద్ద విషయం ఇంత చిన్నగా రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

మధ్యాహ్నం తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుని నేనూ తీయడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ పని చేయలేదు కాబట్టి ఆమెకి అనుమానం వచ్చింది. ఏందయ్యా అంది. రేపు నువ్వు గుంటూరు రావాలి, నీ రక్తం చూస్తారు, అన్నాను. ఎందుకంది. నాకున్నది చెడ్డ రోగం, పెళ్లికి ముందు తెచ్చుకున్నాను, పిల్లలు పోయింది అందుకే, అన్నాను. మొత్తం ఒకే ఊపిరిలో అన్నాను. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేను.

పార్వతి చేతిలో కాయ తొడిమ తీసి బుట్టలో వేసింది. ఇంకో కాయ తీసుకుంది.

"నాకు తెలుసు."

నాకు వినపడలేదనుకుని మళ్లీ అంది.

"నలభై ఏళ్ల నుంచి తెలుసయ్యా. అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు మిషన్ ఆసుపత్రిలో రక్తం చూసి చెప్పారు. నాకు సూదులు వేశారు. అమ్మాయి పుట్టాక దానికీ రక్తం చూశారు, ఏం లేదన్నారు."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెబితే ఏం చేసేవాడివి, గొడ్ల దగ్గరికి పోయి కూర్చునేవాడివి, అంది. మూడేళ్లు నాతో మాట్లాడలేదట. కోపంతో. అన్నం పెట్టి, నీళ్లు పెట్టి, అవసరమైన దానికి తప్ప నోరు విప్పలేదట. నాకు ఆ సంగతే తెలియలేదు. అసలే మాట్లాడనివాడివి, నీకెట్టా తెలుస్తుందిలే అంది.

"అదంతా పోయిందిలే. నీకూ సూదులు పడ్డాయి గదా, మరి మళ్లీ ఎట్టా వచ్చింది?"

అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. ఇన్నేళ్లలో నిజంగా మర్చిపోయాను.

ఆమె అప్పుడు ఏడో నెల. మిషన్ నుంచి మూడు సీసాలు తెచ్చింది, పొడి మందు. ఇవి బలం సూదులు, పిల్ల నిలవాలంటే మనిద్దరికీ పడాలని అక్కడి డాక్టరమ్మ చెప్పింది, వారానికొకటి ఊళ్లో కాంపౌండర్ దగ్గర వేయించుకో, అంది. నేను సరేనన్నాను. అప్పుడు నా చేతిలో ఒక ఆవు ఉంది. కాలు వాచి, జ్వరం, మేత ముట్టడం లేదు. పశువుల కాంపౌండర్ ఆ సీసాలు చూసి, ఇది గొడ్లకి కూడా మంచి మందే అన్నాడు. నేను ఆలోచించాను. నాకు బలం ఉంది. ఆవుకి లేదు. పైగా ఊళ్లో కాంపౌండర్ ముందు పంచె దించడం నాకు సిగ్గు. మూడు సీసాలూ ఒకేసారి ఆవుకి వేయించాను. ఇంటికి వచ్చి వేయించుకున్నానని చెప్పాను. తర్వాతి వారం కూడా చెప్పాను. మూడో వారం కుంటుకుంటూ వచ్చానని కూడా గుర్తు.

ఇదంతా ఇవాళ ఆమెకి చెప్పాను. నేను తల ఎత్తలేదు. ఆమె తొడిమలు తీయడం ఆపింది.

"ఆ ఆవు బతికిందా?"

బతికింది, ఆ ఏడే ఈనింది, అన్నాను.

పార్వతి నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. మిరపకాయల చేత్తో తుడుచుకుంది, ఇంక చూడండి, మండిపోయి లేచి పెరట్లోకి పరిగెత్తింది. నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే కళ్లు కడుక్కుంటూ, మధ్యలో నవ్వుతూ, మధ్యలో ఏడుస్తూ, ఓరి నాయనో, దూడకి కూడా పడ్డాయిరా నా సూదులు, అంది. నేనూ నవ్వాను. గొంతు లేదు కాబట్టి చప్పుడు రాలేదు.

తర్వాత ముఖం తుడుచుకుని, నెమ్మదిగా ఒక్క మాట అంది. నువ్వు పోయిన చోటుకి పోయావు, అది కుర్రతనం, దాన్ని ఎప్పుడో వదిలేశాను. మీ అమ్మ నన్ను గొడ్రాలంటే, పిల్లల్ని మింగేదంటే, ఒక్కమాట, ఒకే ఒక్కమాట అని ఉండాల్సింది, అంది.

అవును.

మార్చి 10, సోమవారం

ఇద్దరం ఆటో దిగి బ్రాడీపేట సందులో నడుస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటడానికి. దాటాక కూడా వదల్లేదు.

నాకు మూడో సూది. ఆమెకి రక్తం తీసి సాయంత్రానికే చెప్పారు. పాత రోగం నయమైన గుర్తు తప్ప ఏమీ లేదు. అమ్మాయికి అప్పుడే చూశారని పార్వతి చెబితే, ఇంక భయపడాల్సింది లేదంది డాక్టరమ్మ. ఆవు సంగతి పార్వతి చెప్పేసింది. నేను వద్దని సైగ చేస్తూనే ఉన్నాను. డాక్టరమ్మ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది.

తల ఊగే సంగతి కూడా బయటపడింది. ఆ అదురు కవాటం వల్ల అని డాక్టరమ్మ చెప్పింది.

"నేనేం చెప్పినా ఏడాదిగా తల ఊపుతున్నాడని సంతోషపడ్డానమ్మా. ముసలితనంలో మంచివాడయ్యాడనుకున్నా," అంది పార్వతి.

మార్చి 11, మంగళవారం

రాత్రంతా నిద్ర పట్టింది. ఎన్నాళ్లకో.

మార్చి 13, గురువారం

అదురు అట్లాగే ఉంది. నాకు మాత్రం ఒళ్లు తేలికగా ఉంది. ఖాజావలి వచ్చి టీ తాగాడు. పార్వతి వాడితో, మీ బావ ఆవుకి బలం పట్టించి తను ఎండిపోయాడు అంది. ఆ ఆవుని కొన్నది నేనే గదా అని వాడు నెత్తి కొట్టుకున్నాడు. కొమ్ము విరిగిన ఎర్రావు. పదకొండు ఈతలు ఈనిందట.

మార్చి 16, ఆదివారం

ఆపరేషన్ ఇరవై ఐదున, మంగళవారం. ఉబ్బిన నాళం కోసి గొట్టం కుడతారు, కవాటం మారుస్తారు. ఈ వయసులో ప్రమాదం ఉందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. చేయకపోతే ఎప్పుడైనా పగలవచ్చు. చేయించుకుంటానన్నాను. సంతకం పెట్టాను. భయం ఉంది గానీ మునుపటి భయం కాదు. మునుపు ఉన్నది ఆమెకి తెలిసిపోతుందన్న భయం.

సాయంత్రం పార్వతి నా కాళ్లకి నూనె రాస్తూ అడిగింది.

"ఆ ఇద్దరినీ ఎక్కడ పెట్టావయ్యా?"

మాలో అట్లాంటి పసివాళ్లని తండ్రే తీసుకెళ్లి పూడ్చి వస్తాడు. చోటు తల్లికి చెప్పరు. చెబితే అక్కడికి పోయి కూర్చుంటుందని, మళ్లీ కడుపు నిలవదని అంటారు. ఆమె అప్పట్లో అడిగింది. మా అమ్మ కసిరింది. మళ్లీ అడగలేదు.

ఇప్పుడు అడిగింది. నేను లేచి గేదెకి నీళ్లు పెట్టాలని వెళ్లాను.

మార్చి 20, గురువారం

నాలుగు రోజులు అయింది. ఆమె రెండోసారి అడగలేదు. నేను చెప్పలేదు.

మార్చి 22, శనివారం

పార్వతీ,

ఇది నీకు రాస్తున్నాను. నువ్వు ఏడు చదివావు, నా రాత కష్టమైనా పోల్చుకోగలవు. ముందు పేజీలన్నీ కూడా చదువు, దాచేది ఏమీ మిగల్లేదు.

వాగు దాటి పడమరగా పోతే రెండు నల్లతుమ్మలు పక్కపక్కన ఉంటాయి. అవతల ఇప్పుడు మిరప తోట. తుమ్మలకీ వాగుకీ మధ్య గట్టు ఉంది. మొదటిది అక్కడ. ఆడపిల్ల. నీకు చెప్పారో లేదో నాకు తెలియదు. జుట్టు చాలా ఉంది. నీ పాత నీలం చీర ముక్కలో చుట్టాను. లోతుగా తవ్వాను, నా నడుము దాకా. పైన వాగు రాళ్లు పేర్చి, ముళ్లకంప వేశాను. రెండోది దాని పక్కనే, రెండడుగుల దూరం. మొగపిల్లాడు. వాణ్ని పెట్టిన రోజు వాన. నేను అక్కడ పొద్దు వాలేదాకా కూర్చున్నాను. ఇంటికి వచ్చి సంతకి వెళ్లానని చెప్పాను.

తోట వాళ్లు మారారు గానీ ఆ గట్టు దున్నలేదు. ఇన్నేళ్లూ ఎన్ని మందలు తోలానో లెక్క లేదు, ఒక్క గొడ్డుని కూడా ఆ గట్టు ఎక్కనీయలేదు. చుట్టూ తిప్పి తోలేవాణ్ని. ఎందుకురా ఇంత దూరం అని ఖాజావలి అడిగితే, అక్కడ ముళ్లు ఎక్కువ, కాళ్లకి దిగుతాయని చెప్పేవాణ్ని. వాడు నమ్మాడు.

మా అమ్మతో అనాల్సిన ఆ ఒక్కమాట ఇప్పుడు అంటున్నాను, ఆలస్యమైనా. తప్పు నాది, పార్వతిది కాదు. కావాలంటే అమ్మాయికి కూడా ఇది చూపించు. నువ్వు చూపించాలనుకుంటేనే.

నీకు అక్కడికి పోవాలని ఉంటే రేపు పొద్దున ఎండెక్కకముందే పోదాం. నేను మెల్లగా నడవగలను. పోవాలని లేకపోతే అదీ మంచిదే, నేను ఏమీ అనుకోను. నోటితో చెప్పకు, నేను నిలబడలేను. ఈ పక్క పేజీ ఖాళీగా వదిలాను, అందులో రాయి. పుస్తకం నీ బియ్యం డబ్బా మీద పెడుతున్నాను. మంగళవారం నన్ను లోపలికి తీసుకెళ్తారు. తొందరగా రాయి.

బుల్లయ్య